ఏడో పాటలో ఎడమవైపు

నరసరావుపేట దాటి మాచర్ల బస్సు కాస్త వేగం అందుకోగానే గోపిక తన మెళ్ళో వేలాడుతున్న నల్లటి హెడ్‌ఫోను దొప్పల్ని తీసి తల్లి చెవులకు తొడిగింది. అంతవరకూ బస్సులో ఉన్న గోలంతా, కండక్టరు కేకలు, వెనక సీట్లో చంటిదాని ఏడుపు, కిటికీ అద్దం దడదడలు, ఎవరో పైనుంచి బొంత కప్పినట్టు ఒక్కసారిగా అణిగిపోయాయి. పున్నమ్మ కంగారుపడి ఒక దొప్పను పైకెత్తి చూసింది. గోల అక్కడే ఉంది.

"ఇంకా పెట్టలేదు మా. ముందు నేను చెప్పేది విను," అంది గోపిక. "మొత్తం యాభై ఎనిమిది నిమిషాలు. గురజాల వచ్చేలోపే అయిపోద్ది. ఆరింటికల్లా నేను హైదరాబాదుకి పంపెయ్యాల. ముందు ఆరు పాటలూ నువ్వెట్టన్నా విను, నిద్రొస్తే నిద్రపో. ఏడోది మాత్రం మెలకువగా విను. అది నాన్నది. నువ్వు వద్దంటే తీసేస్తా."

"తీసేస్తే ఏమైద్ది?"

"ఏం గాదు. ఆరుంటయ్."

ఏం కాదని ఎంత తేలిగ్గా అందో. పొద్దున కోటప్పకొండ మెట్ల మీద, అమ్మ వెనకబడిందనుకుని, హైదరాబాదులో సౌండు పని చూసే నవీన్‌తో ఫోనులో అన్న మాట పున్నమ్మ చెవిన పడింది. "అది తీస్తే ఆల్బమే లేదు నవీన్, నాకు తెలుసు. కానీ ఆమెను అడక్కుండా పెట్టలేను." ఆ మాట అని ఆ పిల్ల మెట్టు మీద కూలబడి నీళ్ళు తాగింది. ఏడేళ్ళు అయిదుగురి జట్టులో గిటారు వాయించి, వాళ్ళతో పడక బయటికొచ్చి, మూడేళ్ళు ఒక్కతే కూర్చుని చేసుకున్న మొదటి ఆల్బం. గిటారూ తనే, డ్రమ్ములూ తనే, పాడిందీ తనే. పున్నమ్మ ఒకసారి ఆ గది చూసింది. చప్పుడు బయటికి పోకుండా నాలుగు గోడలకీ పరుపులు అంటించుకుని పిల్ల కింద చాప మీద పడుకుంటోంది. పరుపు గోడకి, ఒళ్ళు నేలకి, ఇదేం చదువే అని ఆరోజు నవ్వింది గానీ బస్సెక్కాక కళ్ళు తుడుచుకుంది. ఇప్పుడు ఆ పరుపుల మధ్య పుట్టినదంతా తన రెండు చెవుల మధ్యకి రాబోతోంది. వద్దనే హక్కు తన చేతిలో పెట్టి కూతురు అటు తిరిగి కూర్చుంది.

ఒళ్ళో ఒక కాగితం. గోపిక పెద్దపెద్ద అక్షరాలతో ఏడు పేర్లు రాసిచ్చింది, ఏ పాట వస్తోందో తెలియడానికి. భర్త శివయ్య పోయాక, యాభై రెండేళ్ళ వయసులో, పక్కింటి శేషమ్మ మనవరాలి పలక మీద నేర్చుకున్న అక్షరాలు పున్నమ్మవి. ఇప్పటికీ పెదాలు కదపందే చదవలేదు. పొద్దు. సున్నపు బట్టీ. లారీ మీద నిద్ర. తాలు కాయలు. పిడుగు. ప్రభ. చివరి పేరు దగ్గరికి వచ్చేసరికి బస్సు గతుకులో పడింది, కాగితం మడత పడింది, చెవుల్లో ఏదో మొదలైంది, చదవడం అక్కడే ఆగిపోయింది.

మొదలైంది పాటో కాదో తెలియలేదు. దూరంగా తేనెటీగల పట్టు కదిలినట్టు ఒకటే రొద, ఆ రొద లోపల సన్నగా ఒక తీగ సాగుతూ, ఎంతకీ తెగకుండా సాగుతూ, తలకాయ వెనక నుంచి నుదుటి మీదకి వచ్చి మళ్ళీ వెనక్కి పోయింది. పున్నమ్మ తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు, చంటిది తల్లి భుజం మీద నిద్రపోయింది. ఇదేం పాటే అని ఎప్పుడో అడిగితే, సైకెడెలిక్ రాక్ అంటారమ్మా, కళ్ళు మూసుకుంటే రంగులు కనపడాల అంది. సరే చూద్దాం అని కళ్ళు మూసుకుంది. మొదట నల్లగానే ఉంది. తర్వాత మెల్లిగా ఎరుపు వచ్చింది, అంచుల నుంచి లోపలికి పాకుతూ, నిండు ఎరుపు, నిజంగానే వచ్చిందే అని సంతోషపడి కళ్ళు తెరిస్తే కిటికీ అవతల కల్లాల నిండా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి, ఎండ వాటి మీద పడి బస్సులోకి తిరిగి కొడుతోంది. పాట ఎరుపో మిరప ఎరుపో తేల్చుకోలేక మళ్ళీ మూసుకుంది. ఏదైతేనేం, ఎరుపైతే వచ్చింది. శేషమ్మ అడిగింది ఒకసారి, మీ అమ్మాయి పెళ్ళిళ్ళకి వాయిస్తదా పున్నక్కా అని. వాయించదు అంది. గుళ్ళో? గుళ్ళోనూ వాయించదు. మరి దేనికి వాయిస్తదమ్మా అని శేషమ్మ చేతులు తిప్పింది. ఈసారి అడిగితే చెప్పొచ్చు, ఎరుపుకి వాయిస్తది అని. కొండ మీద పూజారి గారు కూడా అంతే, స్వామి పాదాల దగ్గర పెట్టమని గోపిక పెన్‌డ్రైవు ఇస్తే అటూ ఇటూ తిప్పి చూసి, ఏముందమ్మా దీంట్లో అన్నాడు. పాటలు స్వామీ. దేవుడివా? గోపిక కాసేపు ఆలోచించి, సగం దేవుడివే అంది. ఆయన సగానికే అన్నట్టు ఒక్క పువ్వు పెట్టి ఇచ్చాడు. కుంకం దాని మూతికి అంటుకుని ఇంకా ఉంది.

రెండో పాటలో మంట వినపడింది. సున్నపు బట్టీలో బొగ్గు అంటుకుని గాలి గుంజుకునే చప్పుడు, అచ్చం అదే, కానీ ఆ చప్పుడుకి ఒక నడక పెట్టింది పిల్ల, దాని మీద గొంతు వేసింది, మాటలు వెనక్కి తిప్పి పాడినట్టు ఒక్కటీ అర్థం కాలేదు. అర్థం కాకపోయినా పిడుగురాళ్ళ దగ్గర తెల్లదుమ్ము నోట్లో పడ్డ రుచి తగిలింది. ఆ తర్వాత తను ఎప్పుడు నిద్రలోకి జారిందో పున్నమ్మకు తెలియదు. లారీ మీద నాపరాళ్ళ పైన గోతాము పరుచుకుని పడుకున్నట్టు, పైన చుక్కలు పక్కకి జరిగిపోతున్నట్టు, లారీ డ్రైవరు అన్సార్ బండి తోలుతూ ఏదో పాడుతున్నట్టు, పక్కన శివయ్య, మధ్యలో నాలుగేళ్ళ గోపిక. అది కలా, మూడో పాటా, జరిగిందా? జరిగిందే. మాచర్లలో చుట్టాల పెళ్ళికి అన్సార్ లారీ మీదే పోయారు. అన్సార్ పాడుతుంటే శివయ్య తాళం వేస్తున్నాడు, పూర్తిగా తప్పు తాళం. పిల్ల నవ్వుతోంది. నాన్నా తప్పు నాన్నా అంటోంది. నాన్నకి వినపడటం లేదని పిల్లకి తెలియదు. అన్సార్‌కి తెలియదు. ఆ లారీ మీద తెలిసింది తనొక్కదానికే.

పెద్ద చప్పుడుకి ఉలిక్కిపడి లేచింది. కాగితం చూసుకుంది, పిడుగు. ఆ చప్పుడు తర్వాత ఒక్క కీచురాయి మోత, సన్నగా, చెవిలో సూది పెట్టినట్టు. ఇలాగేనా ఆయనకి వినపడింది? ముప్పై ఏళ్ళ వయసులో సున్నపురాయి క్వారీలో మందు పెట్టిన గుంత ముందే పేలింది. ఒంటి మీద గీత పడలేదు, అదృష్టవంతుడివిరా అన్నారందరూ. మూడు రోజులు ఎడమవైపు దిండు మీద చిన్న చిన్న నెత్తుటి చుక్కలు, తర్వాత కీచురాయి, ఏమే ఇంట్లో కీచురాయి దూరింది చూడవే అని తనచేత సందులన్నీ వెతికించాడు. నెలకి ఆ కీచురాయి కూడా పోయింది. ఎడమ చెవి మొత్తం, కుడి చెవి సగం. మందు పేల్చే ముందు వేసే ఈల వినపడని మనిషిని క్వారీలోకి రానివ్వరు, అందుకని ఎవరికీ చెప్పలేదు. గురజాల రోడ్డు మీద వెంకట్రామయ్య గారి నాపరాళ్ళ యార్డులో చేరాడు. చేరి చేరి ఏ పనిలో చేరాడు, రాయి చూసే పనిలో. బండను చిన్న సుత్తితో ఒక్క దెబ్బ కొడితే మంచి రాయి ఖంగుమంటుంది. లోపల చీలిక ఉంటే పగిలిన కుండలా బొంగురుగా పలుకుతుంది, దాన్ని పక్కన పడేస్తారు. పనంతా చెవిదే.

ఎవరూ లేనప్పుడు ఆయన ఉలిని పళ్ళ మధ్య కరిచి పట్టుకుని, దాని మొన బండ మీద ఆనించి కొట్టేవాడు. ఎముకలోంచి తెలుస్తదే, చెవితో పనేముంది అనేవాడు. కానీ యార్డు ఆసామి ఎదురుగా నిలబడి శివా చెప్పరా, మంచిదా చీలికా అంటుంటే ఉలి కరుస్తూ కూర్చోలేడు కదా. అప్పుడు పున్నమ్మే ఉపాయం ఆలోచించింది. తనూ అక్కడే కూలికి చేరి, గంప ఎత్తుకుని అదే బండ మీద నిలబడేది. ఆయన సుత్తి పడగానే తను విని, కాలికి అంటిన దుమ్ము దులుపుకున్నట్టు మడమతో బండ మీద కొట్టేది. మంచి రాయికి ఒకటి. చీలికకి రెండు. అది ఆయన ఉత్త పాదాలకి తెలిసేది. మంచిదయ్యా, అనేవాడు. చీలికయ్యా, అనేవాడు. పద్నాలుగేళ్ళు. ఒక్క రాయి తప్పు చెప్పలేదు ఇద్దరూ కలిసి. రాయి చూడటంలో శివయ్య తర్వాతే ఎవడైనా అని పిడుగురాళ్ళ దాకా పేరు. ఆ పేరు వింటుంటే గంప కింద పున్నమ్మకి లోపల్లోపల నవ్వొచ్చేది. కోపం ఎప్పుడూ రాలేదా అంటే ఒక్కసారి వచ్చింది.

గిటారు గొడవ అది. నరసరావుపేట కాలేజీలో ఎవరో సింధు అనే పిల్ల తన పాత గిటారు ఇచ్చేసింది గోపికకి. ఇంటికి తెచ్చి వాయిస్తే ఊరంతా వచ్చి చూశారు. శివయ్య అందరూ పోయేదాకా ఆగాడు. తలుపేసి, పిల్లని వాయించమని, తను ఎదురుగా కూర్చుని గిటారు కొమ్ముని పళ్ళతో కరిచి పట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. గోపిక భయపడిపోయి వాయించింది, ముందు మెల్లిగా, తర్వాత ధైర్యంగా. ఆయన కళ్ళలోంచి నీళ్ళు కారి గిటారు మీద పడ్డాయి. అయినా రెండేళ్ళ తర్వాత ఆ పిల్ల హైదరాబాదు పోతానంటే ఒప్పుకోలేదు. వారం రోజులు చెప్పి చూసింది పున్నమ్మ. ఎనిమిదో రోజు యార్డులో ఆసామి, బయటూరి బేరగాళ్ళు నలుగురు నిలబడి ఉండగా ఆయన సుత్తితో కొట్టాడు. పున్నమ్మ మడమ కదపలేదు. ఆయన కాసేపు ఆగాడు. మళ్ళీ కొట్టాడు. కదపలేదు. ఆసామి ఏరా శివా అన్నాడు. ఆయన తలెత్తి చూశాడు, బడిలో లెక్క రాని పిల్లాడు చూసినట్టు. "ఏమే, కాలు తిమ్మిరెక్కిందా?" అన్నాడు పైకి నవ్వుతూ. "ఎక్కింది. సాయంత్రం ఇంటికెళ్ళి పిల్లతో మాట్లాడితే దిగుద్ది," అంది తను. బేరగాళ్ళకి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆయనకి అర్థమైంది. సరేనన్నట్టు తలాడించాడు. తను మడమ ఎత్తి ఒక్క దెబ్బ కొట్టింది. మంచిదయ్యా, అన్నాడు. అట్లా హైదరాబాదు పోయింది గోపిక.

చెవుల్లో ఇప్పుడు తిరునాళ్ళ దిగింది. డ్రమ్ములు, వాటి మీద డ్రమ్ములు, మైకుల కూతలు, ఎద్దుల మువ్వలు, నాలుగైదు గిటార్లు ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ, శివరాత్రి నాడు కోటప్పకొండ కింద వెదురుతో కట్టిన ఎత్తైన ప్రభలు వరసగా నిలబెట్టినప్పటి హోరు. ఇంత హోరునీ ఈ పిల్ల ఒక్కతే ఎట్లా చేసిందో. తల పగిలిపోవాల్సింది, పగల్లేదు, హాయిగా ఉంది. అట్లాంటి ఒక శివరాత్రికే ఆయన ప్రభ కింద నిలబడి, చుట్టూ జనం ఒకళ్ళ చెవిలో ఒకళ్ళు అరుచుకుంటూ ఆఁ ఏందీ ఏందీ అనుకుంటుంటే చూసి, నాకిక్కడ చానా బాగుందే, ఇక్కడ ఎవరికీ ఏదీ ఇనపడదు అన్నాడు. అన్నవాడు ఊరుకోకుండా తన చెయ్యి పట్టుకుని కొండ వైపు చూపించి ఒట్టు వేయించుకున్నాడు. నేను పోయినా సరే చెప్పొద్దు. చెవిటి శివయ్య అని మిగలొద్దు నేను. రాయి చూసే శివయ్యగానే మిగలాల. నాలుగేళ్ళ కిందట వానాకాలంలో మూడు రోజుల జ్వరంతో పోయాడు. అట్లాగే మిగిలాడు. వెంకట్రామయ్య గారు పాడె దగ్గర నిలబడి, ఏం చెవిరా నీది శివా అని ఏడ్చాడు. పున్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అది ఏడుపో నవ్వో ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు.

అందుకే పొద్దుటి నుంచి గుండెలో రాయి. ఆ పళ్ళతో గిటారు కరవడం గోపిక చూసింది. చూసి ఊరుకునే పిల్ల కాదు. నాన్నది అని పాట కట్టిందంటే ఆ చెవి గురించే కట్టి ఉంటుంది. కొండ మీద లింగం ముందు నిలబడి, తండ్రీ, చెప్పనని గదా నా ఒట్టు, అదంతట అది తెలుసుకుంటే నా తప్పుందా అని అడిగింది. గంటల మోతలో స్వామి ఏమన్నాడో వినపడలేదు. పాట లోకమంతా వింటుందట, ఎక్కడెక్కడి దేశాలోళ్ళో. యార్డు వాళ్ళూ వింటారు, వాళ్ళ ఫోన్లూ ఫోన్లే. చెవిటి శివయ్య. వద్దంటే పోతుంది. ఒక్కమాట. కానీ ఆ పిల్ల మెట్టు మీద కూలబడ్డ తీరు.

ప్రభల హోరు ఒక్కసారి ఆగింది. ఏడోది. వెన్ను నిటారు చేసుకుంది. సుత్తి దెబ్బ. ఖంగు. మళ్ళీ ఖంగు. వాళ్ళ యార్డే, బండల మీద ఎండ కూడా కనపడింది. దాని పక్కన గిటారు, మంచిగా, పాటలాగే, ఈ ఒక్కటి మాత్రం శేషమ్మకి వినిపించినా పాటే అంటుంది. రెండు చెవుల్లో రెండు వైపులా ఇద్దరు మాట్లాడుకుంటున్నట్టు ఉంది. కాసేపటికి ఎడమవైపు వాడు మెల్లిగా దూరం జరిగాడు. ఇంకా దూరం. గొంతు సన్నబడి, పొడిబారి, ఆగిపోయింది. పున్నమ్మ ఎడమ దొప్పను గోటితో కొట్టి చూసింది. ఊది చూసింది. ఏమీ లేదు. నా చెవి పోయిందా? ఆయన చెవే నాకొచ్చిందా? గబగబా దొప్పల్ని తీసి అటుది ఇటు, ఇటుది అటు తిప్పి పెట్టుకుంది. ఎడమ చెవిలో సుత్తి ఖంగుమంది. హమ్మయ్య, చెవి బాగానే ఉంది, సామానే చెడిపోయింది. అసలు పాటకే చెడిపోవాలా అని కూతురికి చెప్పబోతే గోపిక కిటికీ వైపే చూస్తోంది, రెండు చేతులూ ఒళ్ళో బిగించుకుని. చెడిపోయిన సామాను కోసం ఎవరూ అట్లా బిగించుకోరు. పున్నమ్మ మడతపడ్డ కాగితం విప్పింది. పెదాలు కదిపింది. ఎ. డ. మ.

దొప్పల్ని మళ్ళీ తిప్పి సరిగ్గా పెట్టుకుంది. ఇదిగో, ఇదీ ఆయన ఉన్న చోటు. ఇరవై ఏళ్ళు పక్కన పడుకుని, పక్కన నిలబడి, తను ఒక్కసారి కూడా లోపలికి రాలేని చోటు. కుడివైపున లోకం సగం గొంతుతో ఏదో అంటోంది. ఎడమవైపు ఖాళీ, కానీ భయపెట్టే ఖాళీ కాదు, వాకిలి ఊడ్చి వదిలినట్టు ఉంది. ఇక్కడ కూర్చునా అంత ధీమాగా నవ్వేవాడు! వీళ్ళ నాన్న చెవిటివాడని పాటలో ఎక్కడా లేదు. వినేవాళ్ళెవరూ చెవిటి శివయ్య అనుకోరు. తనలాగే దొప్పని కొట్టి చూసుకుంటారు, ఊది చూసుకుంటారు, తమ చెవే పోయిందని కాసేపు హడలిపోతారు. లోకమంతా అట్లా ఊదుకుంటుంటే చూసి ఆయన ఎంత నవ్వేవాడో అనుకునేసరికి పున్నమ్మకే నవ్వొచ్చింది. గిటారు ఇప్పుడు కర్రలోంచి వస్తున్నట్టు మొద్దుగా, దగ్గరగా, దవడలో మోగుతోంది. పాట సన్నబడింది. అయిపోయింది అనుకుంది. అప్పుడు ఎడమవైపు, ఇంతసేపూ ఏమీ లేని చోట, చెవికి కాదు, ఎముకకి తగిలేట్టు, దబ్. దబ్.

పున్నమ్మ నవ్వు ఆగిపోయింది. తన మడమ అది. రెండు దెబ్బలు.

దొప్పలు తీసింది. బస్సు గోలంతా మీద పడింది. గోపిక ఇటు తిరిగింది, మొహం పాలిపోయి ఉంది.

"చెప్పు మా. తియ్యమంటావా?"

"తియ్యి."

గోపిక తల దించుకుంది. "సరే," అంది.

"పాట కాదే పిచ్చిదానా. ఆఖర్న ఆ రెండో దెబ్బ తియ్యి."

"ఏందీ?"

"ఆ దబ్ దబ్ ఏందే? ఎవరు జెప్పారు నీకు?"

"ఎవరు చెప్పేదేంది, నీ మడమేగా. ఆదివారాలు యార్డుకి వస్తే నాన్న రాయి కొట్టగానే నువ్వట్టా కొట్టేదానివి. దుమ్ము దులుపుకోడానికి. నాకు అదే గుర్తు నాన్నంటే. రెండుంటే బాగుందని పెట్టా, తలుపు కొట్టినట్టు."

పున్నమ్మ కూతురి మొహంలోకి చూసింది. మూడేళ్ళు కూర్చుని, లోకంలో లేని చప్పుళ్ళన్నీ పుట్టించి, తండ్రి చెవిలోకి దూరి వచ్చిన పిల్ల, ఆఖర్న తండ్రి పాటని చీలిక రాయి అని తేల్చి పక్కన పడేసింది. తెలియక. తెలిసిన మనిషి ఒక్కతే మిగిలింది. ఒట్టు వేయించుకున్నది ఆయన చెవి గురించి. మడమ తనది. కిటికీ అవతల కొండ ఎప్పుడో వెనకబడిపోయింది, పొద్దు వాలి యార్డుల్లో బండల అంచులు మెరుస్తున్నాయి.

"దుమ్ము కాదమ్మాయ్," అంది. "నేను జెప్తే ఆయన జెప్పేవాడు. ఒకటి కొడితే మంచి రాయి. రెండు కొడితే చీలిక."

గోపిక నాన్న యార్డులో ఉన్న ఏళ్ళు వేళ్ళ మీద లెక్కేసింది. తర్వాత, "పద్నాలుగేళ్ళా?" అంది.

"పద్నాలుగేళ్ళు."

"రాళ్ళన్నీ నువ్వే చూశావా!"

"ఇద్దరం చూశాం. గట్టిగా అరవమాక, అవతల గురజాలోళ్ళుంటారు."

గోపిక నవ్వుతోందో ఏడుస్తోందో పున్నమ్మ అడగలేదు. ఒళ్ళో లాప్‌టాప్ తెరిచింది పిల్ల. తెర మీద గీతలు, మిరప తోటలో సాళ్ళలాగా, వాటి చివర్న రెండు చిన్న గుట్టలు. రెండో గుట్ట మీద వేలు పెట్టింది, అది లేదు. అంత తేలికా! దొప్పల్ని మళ్ళీ తల్లి తలకి తొడిగి ఆఖరి ముక్క వినిపించింది. కర్రలోంచి గిటారు. సన్నబడింది. ఎడమవైపు ఖాళీ. దబ్.

పున్నమ్మ ఊపిరి బిగబట్టి, అలవాటు కొద్దీ, రెండోదాని కోసం ఆగింది. రాలేదు.

దొప్పలు తీసేసరికి బస్సు గురజాల మలుపు తిరుగుతోంది. కండక్టరు అరుస్తున్నాడు, జనం లేచి సంచులు సర్దుకుంటున్నారు, ఇంజను మోత, హారన్లు. గోపిక ఏదో అడిగింది. పెదాలు కదలడం కనిపించింది గానీ ఆ గోలలో మాట వినపడలేదు. పంపనా అని అడిగి ఉంటుంది. ఈ గోలలో అరిచి చెప్పడం ఎందుకని పున్నమ్మ చెప్పు విడిచి, మడమ ఎత్తి, బస్సు నేల మీద కొట్టింది, ఒక్కసారి. పక్కనే ఉన్న గోపిక పాదానికి అది తెలిసింది. పిల్ల వేలు కిందికి దిగింది.